రాయబారి విసనకర్ర, దుబాసీ దినచర్య

ఒక దేశపు ఎండవానల గురించీ, కట్టుబట్టల గురించీ, మర్యాదామన్ననల గురించీ పరదేశి రాసిన మాటలను మన చరిత్రకారులు ఎంతో ఆదరంతో ఉదాహరిస్తారు. పరదేశికి మనపట్ల పక్షపాతం వుండదనే నమ్మకం దీనికి కారణం. కాని పక్షపాతం పుట్టిన దేశాన్నిబట్టే కాదు, కూర్చున్న చోటునుబట్టి కూడా కలుగుతుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల చరిత్ర రాయబూనిన వారు ఈ సంగతి ముందుగా తేల్చుకోవలసి వుంది.

తైమూరు కుమారుడు షారూఖ్ పంపగా హీరాతు నుంచి వచ్చిన రాయబారి అబ్దుర్ రజాక్ సమర్ఖందీ. 1442లో బయలుదేరి, అరేబియా తీరపు ఎండలకు తాళలేక జబ్బుపడి, కళ్ళికోట మీదుగా 1443 ఏప్రిల్ చివర విజయనగరం చేరాడు. రెండవ దేవరాయల కొలువులో జరిగిన తొలి దర్శనాన్ని ఆయన ముచ్చటగా వర్ణించాడు. రాజు పట్టు అంగీ తొడిగి, మెడలో ముత్యాలహారంతో కూర్చున్నాడు. రాయబారి తన దేశాచారం ప్రకారం పొరమీద పొరగా బట్టలు వేసుకుని వచ్చాడు. తుంగభద్ర ఒడ్డున అది నడివేసవి. చెమటలు కారిపోతున్న అతిథిని చూసి రాజు జాలిపడి తన చేతిలోని చీనా విసనకర్రను ఇచ్చాడు. తర్వాత తాంబూలం, కర్పూరం, పణాల సంచీ.

వాతావరణం, వస్త్రం, మర్యాద మూడూ ఒక్క విసనకర్రలో యిమిడిన ఈ ఘట్టం నిజంగా అందమైనది, దాన్ని కాదనలేం. ఆ గాడ్పులోనే బయట పనిచేస్తున్న వారికి మాత్రం ఈ గ్రంథంలో విసనకర్ర లేదు, చెమట కూడా లేదు. విజయనగరంలో ఎక్కువ తక్కువ తేడా లేకుండా, బజారులోని పనివాళ్ళతో సహా అందరూ చెవులకూ మెడకూ చేతులకూ నగలు పెట్టుకుంటారని ఆయన రాశాడు. రాచనగరు పక్కన రత్నాలవర్తకుల బజారులో తిరిగినవాడికి అలా తోచడంలో వింత లేదు. వింతల్లా, 1900లో స్యూయెల్ పుస్తకం వెలువడినప్పటినుంచి మనవాళ్ళు ఆ బజారునే దేశమంతటికీ పరచి చూపడం!

ఇక్కడినుంచి నదివెంట కిందికి రావాలి. విజయనగరం దాటి తూర్పుగా పోయిన తుంగభద్ర ఆలంపురం దాటాక కృష్ణలో కలుస్తుంది. ఈ రెండు నదుల నడుమనున్న దోఆబులో తూర్పుకొసే మన నడిగడ్డ, అంటే గద్వాల, ఆలంపురం సీమ. పడమట దానిని ఆనుకునే రాయచూరు, ఇంకా అవతల ముద్గల్లు. బహమనీలకూ విజయనగరానికీ తరాలతరబడి తగవు తెచ్చిన నేల ఇది. రాయబారి అతిథిగా వున్న 1443లోనే ఆ తగవు మళ్ళీ రగిలింది. దేవరాయలమీద హత్యాప్రయత్నం జరిగిన అదను చూసుకుని సుల్తాను అలాఉద్దీన్ ఏడు లక్షల వరహాలు కట్టమన్నాడు. రాయలు సైన్యాన్ని కదిపాడు. తర్వాతి కాలపు ఫిరిస్తా రెండు నెలల్లో మూడు పెద్ద పోరాటాలు జరిగాయని రాశాడు.

అంతవరకూ రాయబారి బసకు ప్రతిదినం రెండు గొర్రెలు, నాలుగు జతల కోళ్ళు, బియ్యం, వెన్న, చక్కెర, రెండు వరహాల బంగారం అందుతూ వచ్చాయి. ప్రధాని దండనాయకుడు గుల్బర్గా సరిహద్దుమీదికి దండెత్తి వెళ్ళాక, అతని స్థానంలో కూర్చున్న అధికారి ఆ బత్తెం కాస్తా ఆపివేశాడు. ఈయన అసలు రాయబారే కాదని హుర్ముజు వర్తకులు కొందరు పుకారు పుట్టించారు కూడా. అబ్దుర్ రజాక్ ఈ అవమానాన్ని వివరంగానే చెప్పుకున్నాడు. దండనాయకుడు తిరిగివచ్చి, బత్తెం ఆపినందుకు కోప్పడి, ఆరోజే ఏడువేల వరహాలకు టంకశాలమీద చీటీ రాసిచ్చాడట. యుద్ధం గురించి రాసినది మాత్రం కొద్దిపాటి: సరిహద్దు సీమను కొల్లగొట్టారు, చెరపట్టిన దీనులను వెంట తెచ్చారు. వారు ఏ వూరివారు, ఏ కులవృత్తులవారు, వారిచేత ఏం చేయించారు అన్న ఊసు లేదు. గొర్రెలకూ కోళ్ళకూ లెక్క వుంది, మనుషులకు లేదు. ఆయన దుర్మార్గుడు కావడంవల్ల కాదు, రాయబారి కావడంవల్ల. రాజుల మధ్య మర్యాద నిలిచిందా తప్పిందా చూడటమే ఆయన కొలువు.

సరిగ్గా 387 ఏళ్ళ తర్వాత, 1830లో, కృష్ణకు ఈవలిగట్టున మరొక ప్రయాణీకుడు పల్లకీ దింపించాడు. ఏనుగుల వీరాస్వామయ్య, మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. రాయబారీ కాడు, రాజపత్రమూ లేదు. ఆ యేడు మే 18న సుమారు వందమంది పరివారంతో కాశీకి బయలుదేరి, శ్రీశైలం చూసుకుని కృష్ణ దాటి, పెంట్లవెల్లి, పానగల్లు, వనపర్తి మీదుగా హైదరాబాదు పోయాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది.

ఈయనకు కావలసింది మజిలీ. నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, బాట ఎలా వుంది, దిగడానికి చోటు దొరుకుతుందా అని చూసుకుంటూ పోయేవాడికి ఊరు ఊరుగా కనబడక తప్పదు. అందుకే, కొల్లాపురపు ప్రభువూ వనపర్తి ప్రభువూ వైరాలు పెంచుకుని ఒకరి గ్రామాలను ఒకరు కొల్లపెట్టుకుంటున్నారనీ, హైదరాబాదులో పెత్తనం చేస్తున్న చందూలాలు ఆ కలహాన్ని అణచక దానినుంచి లాభమే చూసుకుంటున్నాడనీ దాపరికం లేకుండా రాశాడు. హైదరాబాదు చేరాక కనబడిన వేషం మరొకటి: మొలలో ఆయుధం. ఆయుధం కట్టినవాడు మెత్తనివాడిని కొడితే అడిగే దిక్కులేదన్న సంగతి ఆయన దృష్టిని దాటిపోలేదు. వస్త్రధారణ గురించిన పరిశీలన అంటే ఇదీ! పట్టు అంగీ రంగు చెప్పడం కంటే ఇది చరిత్రకు ఎక్కువ పనికివస్తుంది.

ఆయన్ను ప్రజాచరిత్రకారుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. కుంఫిణీ కొలువుల నీడన పెరిగినవాడు. ఆ పాలనలోని భద్రతే ఆయనకు కొలబద్ద. బ్రాహ్మణుల ఇళ్ళెన్ని అన్నదీ తప్పకుండా చూసుకుంటాడు. ఆయన పల్లకీ మోసిన బోయీలు ఏం కట్టుకున్నారో తెలుసుకోవాలంటే వరుసల మధ్య వెదకాలి. అయినా కొల్లపోయిన ఊళ్ళు ఆయన వాక్యంలో కర్మపదంగానైనా నిలిచాయి.

ప్రజలు ఏం తిన్నారు, ఏం కట్టారు, ఎలా బతికారు అన్న ప్రశ్నలతో ఆంధ్రుల సాంఘిక చరిత్రను 1949లో ప్రకటించిన సురవరం ప్రతాపరెడ్డి ఈ నడిగడ్డ బిడ్డే. అయినా ఈ సీమ చరిత్ర అనగానే ఇప్పటికీ విద్వద్గద్వాల కీర్తి, ఆస్థానకవుల సన్మానాలు, రాణుల జరీచీరలే ముందుకు వస్తాయి. నూలు ఒంటికి పట్టు అంచును కలిపి నేసే గద్వాల చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది నేసినవాడి ఇంట ఏ చీర కట్టేవారో చెప్పే సంస్థానచరిత్ర నాకు కనబడలేదు. కవులకిచ్చిన వార్షికాలు ఏ పన్నులనుంచి వచ్చాయో కూడా అంతే. పొరుగు సంస్థానాల ప్రభువులు ఒకరి ఊళ్ళను ఒకరు దోచుకుంటున్న ఆ 1830 నాటి పేజీని సన్మానపత్రాల పక్కన పెట్టి చదివే పని మాత్రం వెంటనే మొదలుపెట్టవచ్చు. పుస్తకం తెలుగులోనే వుంది, పారశీకం రానక్కరలేదు.