మస్కి రాయి మీది పేరు

కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న మా రాయచూరు సీమ కోసం రాజులు తరతరాలుగా కొట్టుకున్నారు. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు కోట గెలిచిన సంగతి మా అరకేరలో ఎవరినడిగినా ఎంతో కొంత చెబుతారు. ఈ నేలకు అంతకన్నా పెద్ద గౌరవం మన జిల్లాలోనే, మస్కి గుట్టలో ఉందని నా నమ్మకం.

1915లో బీడన్ అనే దొర, నిజాం కాలపు బంగారు గనుల ఇంజనీరు, అక్కడ ఒక బండ మీద బ్రాహ్మీ అక్షరాలు చూశాడు. హెచ్. కృష్ణశాస్త్రి దాన్ని చదివి అదే ఏడు అచ్చువేయించారు. అందులో అశోకుడి పేరుంది. ఇందులో వింతేముంది అంటారేమో. 1837లో ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని ఛేదించినా, అప్పటిదాకా దొరికిన ధర్మలిపుల్లో దేవానాంప్రియుడు, ప్రియదర్శి అన్న బిరుదులే కనిపించాయి. ఆయనే అశోకుడని సింహళ గ్రంథాలను బట్టి తేల్చుకున్నారు. ఆ మాటకు రాతి సాక్ష్యం మొదట ఇచ్చింది మస్కి. గుజర్రా, నిట్టూరు, ఉడేగోళం శాసనాల్లో ఆ పేరు ఆ తర్వాతే బయటపడింది.

కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చారన్న పశ్చాత్తాపం మస్కిలో లేదు. అది కావాలంటే కర్నూలు జిల్లా ఎర్రగుడి వెళ్లాలి. ఇక్కడున్నది చిన్న శాసనం: తాను బుద్ధుడి మార్గం పట్టి రెండున్నరేళ్లు దాటిందని, ధర్మఫలం పెద్దలకే కాదు, సామాన్యుడికీ అందుతుందని. పాటలీపుత్రంలో కూర్చున్న చక్రవర్తికి ఇంత దూరాన ఏం పని? బంగారమే అయి ఉంటుంది. హట్టిలో పాతకాలపు గనుల జాడలున్నాయి. మౌర్యుల దక్షిణ కేంద్రం సువర్ణగిరి ఎక్కడన్నది ఇంకా తేలలేదు. మస్కి అన్నవాళ్లూ ఉన్నారు, కనకగిరి అన్నవాళ్లూ ఉన్నారు, మన జొన్నగిరి అన్నవాళ్లూ ఉన్నారు.

ఈ అశోకుడి పేరు కొరియా దాకా పోయింది. అక్కడి సిల్లా రాజ్యాన్ని 540 నుంచి 576 దాకా ఏలిన జిన్‌హ్యుంగ్ ఏడేళ్ల వయసులో గద్దెనెక్కి, హాన్ నది లోయను గెలిచి, 562లో గయా రాజ్యాన్ని కలిపేసుకున్నాడు. చివరికి తల గొరిగించుకుని కాషాయం కట్టాడు. విగ్రహం పోతపోయలేక అశోకుడు ఓడలో పంపేసిన ఇనుము, బంగారం తన తీరానికి కొట్టుకొస్తే, వాటితో 574లో బుద్ధుణ్ణి పోతపోయించాడని 13వ శతాబ్దపు ‘సామ్‌గుక్ యూసా’ చెబుతుంది. అశోకుడు పోయి అప్పటికే ఎనిమిది వందల ఏళ్లు. ఓడ ఎంత నిదానంగా నడిచిందో! కథ నమ్మనక్కర్లేదు. కానీ ఆ రాజు ఎవరిలా ఉండాలనుకున్నాడో దాన్నిబట్టి తెలుస్తుంది.

జిన్‌హ్యుంగ్ కూడా గెలిచిన నేల మీద శిలలు నాటించాడు. సియోల్ దగ్గరి బుఖాన్ కొండ మీది శిలను జనం ఏదో సన్యాసిదనుకునేవారు. 1816లో కిమ్ జోంగ్‌హీ అనే పండితుడు కొండెక్కి, చెరిగిన అక్షరాలు చదివి రాజు పేరు తేల్చాడు. అరిగిపోతుందన్న భయంతో ఇప్పుడా శిలను మ్యూజియంలో పెట్టి, కొండ మీద నకలు నిలబెట్టారు.

మన బండను ఎక్కడికీ మోసుకుపోలేం. మనమే వెళ్లాలి. అరకేర, దేవదుర్గ బడుల పంతుళ్లకు నా మనవి ఒక్కటే: పిల్లల్ని హంపీకి తీసుకెళ్లే ముందు ఒకసారి మస్కికి తీసుకెళ్లండి.