మెసాన్ల చరిత్రలో మన అడవి మీది ఆకాశం



సైన్స్ చరిత్ర ఎక్కడో విదేశాల్లో జరిగింది, భద్రాచలం అడవికి దాంతో పనేముంది అని మనలో చాలామంది అనుకుంటాం. హైదరాబాద్‌లో టాటా పరిశోధన సంస్థ వాళ్లు పెద్ద బెలూన్లు ఎగరేసే ముందు ఇచ్చే ప్రకటనలు ఒకసారి చూడండి. పరికరాలు పారాచూట్‌తో దిగే అవకాశమున్న జిల్లాల్లో ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం పేర్లు కూడా ఉంటాయి. దీని వెనుక పెద్ద కథే ఉంది.

1935లో జపాన్ శాస్త్రవేత్త యుకావా ఒక మాట చెప్పాడు. కేంద్రకంలో ప్రోటాన్లను, న్యూట్రాన్లను పట్టి ఉంచడానికి ఎలక్ట్రాన్ కంటే సుమారు 200 రెట్లు బరువున్న కణం ఒకటి ఉండాలన్నాడు. దానికి మెసాన్ అనే పేరు సరిపోతుందని 1939లో మన హోమీ భాభా రాశాడు.

మరి దాన్ని వెతికేదెక్కడ? అప్పటికి అంత పెద్ద యంత్రాలు లేవు. ఆకాశమే ప్రయోగశాల. కాస్మిక్ కిరణాలు పైన గాలిని గుద్దితే మెసాన్లు పుడతాయి. పుట్టిన పయాన్ మెసాన్ బతికేది సెకనులో నాలుగు కోట్లో వంతు మాత్రమే. అందుకే కొండలెక్కారు. కలకత్తాకు చెందిన డి.ఎం. బోస్, బిభా చౌధురి డార్జిలింగ్ కొండల్లో ఫొటో ప్లేట్లు పెట్టి, వాటిపై పడ్డ కణాల జాడలు కొలిచి, 1940ల మొదట్లో నేచర్ పత్రికలో రాశారు. యుద్ధకాలం కావడంతో మేలురకం ప్లేట్లు దొరకలేదు. 1947లో బ్రిస్టల్‌లో పావెల్ బృందం మంచి ప్లేట్లతో పయాన్‌ను పట్టింది. 1950 నోబెల్ పావెల్‌కు వచ్చింది. బిభా పేరు ఎంతమందిమి విన్నాం?

తర్వాత ఆ మెసాన్‌నే రాయిలా వాడారు. చీకట్లో పొదలోకి రాయి విసిరి, చప్పుడును బట్టి లోపలేముందో అంచనా వేస్తాం కదా, స్కాటరింగ్ అంటే అదే. 1952లో చికాగోలో ఫెర్మి బృందం ప్రోటాన్ల మీదికి పయాన్లను పంపింది. శక్తి పెంచేకొద్దీ ఢీకొనడం బాగా పెరిగింది. తర్వాతి కొలతల్లో ఒక శక్తి దాటాక మళ్లీ తగ్గింది. ఉయ్యాలను దాని లయలో తోస్తేనే పైకెక్కుతుంది. రెజొనెన్స్ కూడా అంతే. ఆ శక్తి దగ్గర పయాన్, ప్రోటాన్ కలిసి డెల్టా అనే కణమై, వెంటనే విడిపోతాయి. 1961లో రెండు పయాన్లుగా విడిపోయే రో మెసాన్ కూడా ఇలాగే బయటపడింది.

హైదరాబాద్ భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గర. తక్కువ శక్తి కణాలను భూమి అయస్కాంతమే ఇక్కడికి రానివ్వదు కాబట్టి, ఎక్కువ శక్తి గలవాటిని చూడటానికి అనువైన చోటు. అందుకే 1969లో అక్కడ శాశ్వత బెలూన్ కేంద్రం పెట్టారు. బెలూన్లు 30 కిలోమీటర్లకు పైగా ఎగురుతాయి.

కాబట్టి పోడు చేలోనో, వాగు ఒడ్డునో రంగు పారాచూట్‌తో పెట్టె దిగితే విప్పొద్దు. లోపల హై వోల్టేజ్ ఉండొచ్చు, రాసుకొచ్చిన లెక్కలూ పోతాయి. దానిమీదున్న నంబర్‌కు ఫోన్ చేయండి, లేదా పోలీస్ స్టేషన్‌లో చెప్పండి. అప్పగించినవాళ్లకు బహుమతి కూడా ఇస్తారు. ఈ మాట మన గూడేల్లో పెద్దలకు చెప్పండి.

ఇంకో మాట. పెట్టె జాగ్రత్తగా అప్పగించేవాళ్లం మనమే అయినప్పుడు, అందులోని లెక్కలు చదివేవాళ్లూ మనలోంచి రావాలి. డిగ్రీలో ఫిజిక్స్ తీసుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మధ్యలో వదలకండి.