తోటకూర, క్యాబేజీ: కరువుసీమలో తిండి లెక్క

కడప జిల్లా మైలవరం, జమ్మలమడుగు నల్లరేగడి చేలల్లో జొన్న, కొర్ర పండించి బతికినవాళ్లకు వానాకాలంలో కూర అంటే ముందు ఆకుకూరే. చేలో తనంతట తానే మొలిచిన తోటకూర, చెంచలాకు కలుపుతీతలోనే ఒడికి చేరి, కందిబేడలతో ఉడికి సంగటిలోకి వచ్చేవి. డబ్బు పెట్టి కొనని తిండి కాబట్టి సర్కారు దస్తరాల్లో దానికి పద్దు లేదు. పేదల తిండిని గింజల తూకంతోనే కొలిచే అలవాటు ఈ సీమకు చాలా చేటు చేసిందని నా వాదన. 1876–78 కరువు కడప జిల్లానూ పీల్చి పిప్పి చేసింది. సహాయ పనుల్లో కూలికి రోజుకొక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం చాలని, కరువు పరిశీలనకు సర్కారు పంపిన రిచర్డ్ టెంపుల్ 1877లో తేల్చాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ దాన్ని ఎదిరించాడు. ఒకటిన్నర పౌన్లు కావాలి, పప్పూ కూరగాయలూ కూడా ఉండాలన్నాడు. విటమిన్ అన్న మాటే పుట్టని రోజుల్లో ఆయన ఆ మాట అనడం గొప్ప విషయం. చివరికి ధాన్యం 570 గ్రాములకు పెరిగింది, 43 గ్రాముల పప్పు చేరింది. వాన లేని ఏడు ఆకు మాత్రం ఎక్కడిదని అడగవచ్చు. నిజమే, ఆ కరువును ఆకుకూర ఆపగలిగేది కాదు. కానీ వానలు తిరిగొచ్చాక కూడా కొలత మారలేదు. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం పథకం ఎన్నో ఇళ్ల ఆకలి తీర్చింది, అదీ గింజ లెక్కే.

ఈలోగా సంతలో క్యాబేజీకి గౌరవం పెరిగింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికలు చూస్తే, 100 గ్రాముల పచ్చి తోటకూరలో కాల్షియం సుమారు 330 మిల్లీగ్రాములు, క్యాబేజీలో 50 చిల్లర. ఇనుము ఒకదాంట్లో నాలుగున్నర మిల్లీగ్రాములు, రెండోదాంట్లో అర మిల్లీగ్రాము కూడా లేదు. విటమిన్ ‘ఎ’గా మారే కెరోటిన్ విషయంలోనైతే పోలికే లేదు. తోటకూరలోని ఆక్సలేటు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదన్నది బలమైన అభ్యంతరం. క్యాబేజీలో ఉన్న కొంచెమూ బాగా ఒంటబడుతుంది కాబట్టి, ఆరు రెట్ల తేడా కంచంలో చాలా తగ్గుతుంది. పాత పట్టికలు తోటకూర ఇనుమును విపరీతంగా ఎక్కువ చూపాయి, తర్వాత దిద్దారు. ఇవన్నీ ఒప్పుకున్నా కెరోటిన్ తేడా చెరగదు. క్యాబేజీ గెలిచింది నిలవలో. రోజుల తరబడి చెడదు, లారీలో దూరం పోతుంది. తోటకూర సాయంత్రానికి వాడిపోతుంది. ఈ గెలుపును పోషణ గెలుపుగా తీసుకోకూడదు. విటమిన్ ‘ఎ’ లోపంతో పిల్లల చూపు పోకుండా 1970లో దేశంలో ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్ల మోతాదు వేయడం మొదలుపెట్టారు. చిన్నపిల్లలు ఆకు తక్కువ తింటారు, కెరోటిన్ ఒంటబట్టాలంటే నూనె కావాలి, కాబట్టి ఆ మందు అవసరమే. అయితే పులివెందుల వైపు వేరుశనగ పండించే ఇళ్లలో ఆ నూనెకు కొదవ లేదు. తిరగమాత పెట్టిన ఆకుపప్పును రెండేళ్ల బిడ్డకు మెత్తగా మెదిపి పెట్టమని చెప్పే పని, మందు వేసినంత పట్టుదలగా జరగాల్సింది.