రెండువేల గజాల నూలు

చాలా రోజులుగా వ్రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన విషయమిది. వాయిదాకు కారణం బద్ధకం కాదు, సిగ్గు. జాతీయోద్యమ చరిత్ర కాస్తో కూస్తో చదివినవాణ్ణన్న ధీమాతో, రాట్నం గురించి నాలుగు మాటలు వ్రాసేముందు ఒకసారి స్వయంగా వడికి చూద్దామనుకున్నాను. ఒక పెట్టె రాట్నమూ, ఒక కట్ట ఏకులూ కొని తెచ్చుకున్నాను. ఆ తరువాత మూడు నెలలపాటు మా యింట్లో జరిగినదాన్ని నూలు వడకడమనడానికి నాకు నోరు రాదు.

చూసినవారికి అది చాలా సులభమైన పని. గింజ తీసి, ఏకి, పుల్లకు చుట్టి తీసిన దూదిచుట్టే ఏకు. కుడిచేత్తో చక్రం త్రిప్పుతూ ఎడమచేత్తో ఏకును వెనక్కు లాగుతూ పోతే, కదురు మొన దగ్గర పురి ఎక్కి దారం సాగుతుంది. చెయ్యి అందినంత మేర లాగాక, చక్రాన్ని కాస్త వెనక్కు త్రిప్పి, ఆ దారాన్ని కదురు మీదికి చుట్టుకోవాలి. అంతే. కాని పురి ఎక్కువైతే దారం మెలికలు తిరిగి తనకు తానే ఉరి వేసుకుంటుంది. తక్కువైతే దూది విడిపోయి, ఏకు చేతిలోనూ, దారం కదురు మీదనూ మిగిలిపోతాయి. కుడిచేతికీ ఎడమచేతికీ మధ్య కుదరవలసిన ఒప్పందం ఎవరూ మాటల్లో చెప్పగలిగేది కాదు. "ఏకై వచ్చి మేకై కూర్చున్నట్లు" అన్న సామెతను చిన్నప్పటినుంచీ వాడుతున్నాను గాని, అందులోని ఏకు ఇదేనన్న స్పృహ నాకెన్నడూ లేదు. నా విషయంలో సామెత అక్షరాలా జరిగింది.

అయితే రెండో నెలలో ఒక సాయంకాలం, ఎందుకో తెలియదు, దారం తెగడం మానేసింది. ఒక బార, మరొక బార, ఇంకొక బార. గదిలో కదురు రొద తప్ప మరే శబ్దమూ లేదు. ఇరవై నిమిషాలు గడిచాయని గడియారం చూస్తే తెలిసింది. చూశాను కాబట్టి వెంటనే తెగింది. కాని ఆ ఇరవై నిమిషాల కోసం మర్నాడూ కూర్చున్నాను, ఆ మర్నాడూ కూర్చున్నాను.

ఈ అవస్థ పడ్డాకనే, అంతకుముందు చాలాసార్లు చదివిన ఒక అంకె నాకు మొదటిసారి కంటబడింది. 1924 డిసెంబరులో గాంధీ అధ్యక్షతన జరిగిన బెళగాం కాంగ్రెసు, సభ్యత్వానికి నాలుగణాల చందా బదులు నెలకు 2,000 గజాల నూలు ఇవ్వాలని నిర్ణయించింది. స్వయంగా వడకలేనివారు, వడకడం ఇష్టం లేనివారు మరొకరు వడికిన నూలు ఇవ్వవచ్చు. ఇదివరలో దీన్ని ఒక ఆదర్శంగా చదివి పేజీ త్రిప్పేశాను. ఇప్పుడు కాగితం తీసుకుని లెక్క వేశాను. నూలు నెంబరు లెక్కలో ఒక లడికి 840 గజాలు. ఒక పౌను బరువులో ఎన్ని లడులు తూగితే అది అన్నో నెంబరు. పదో నెంబరు ముతక నూలైతే 2,000 గజాల బరువు వంద గ్రాములకు కొంచెం పైన. అరచేతిలో పట్టే సరుకు. గంటకు అరవై గజాలు వడికే నా బోటివాడికి ముప్పైమూడు గంటల పని. అదీ ప్రతి నెలా. చేయి తిరిగినవారు గంటకు మూడు నాలుగు వందల గజాలు తీస్తారు; వారికి రోజుకొక పావుగంటతో సరిపోతుంది. తీర్మానం వ్రాసినవారి మనసులో ఉన్నది వారే. చందా కట్టవలసినది మాత్రం నా బోటి వకీళ్ళూ, ఉపాధ్యాయులూ. ఏడాది తిరగకముందే, 1925 సెప్టెంబరులో పాట్నాలో, నాలుగణాల చందాకు మళ్ళీ తలుపు తెరిచారంటే నాకు ఆశ్చర్యం కలగలేదు.

ఆ తీర్మానంలో అసలు బరువంతా మోస్తున్న మాట మరొకటుంది. ఇవ్వవలసినది ఏదో ఒక నూలు కాదు, *సమంగా* వడికిన నూలు. ఈ మాట విలువ నాకు పుస్తకాల వల్ల తెలియలేదు, వేటపాలెంలో తెలిసింది.

వేటపాలెం అనగానే తినేవారికి జీడిపప్పు, చదివేవారికి సారస్వత నికేతనం గుర్తొస్తాయి. 1918లో పుట్టిన ఆ గ్రంథాలయ భవనానికి 1929లో ఆంధ్రదేశంలో ఖాదీనిధి కోసం పర్యటిస్తూ వచ్చిన గాంధీయే శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఒకటి అక్కడ భద్రంగా ఉంది. పాత పత్రికలు తిరగెయ్యాలన్నా, పరిశోధనకు ఏదైనా వెదకాలన్నా తెలుగువాళ్ళు దారి పట్టే చోట్లలో అదొకటి. నేను వెళ్ళింది కూడా అందుకే. ఊరు మాత్రం మగ్గాల ఊరు. అప్పట్లో గుంటూరు జిల్లా, ఆ తరువాత ప్రకాశం, 2022 నుంచి బాపట్ల జిల్లా. జిల్లాలు మారాయి గాని, పక్కనున్న చీరాలతో కలిసి నేతకు పేరుపడడం మారలేదు.

చదువు ముగిశాక, సంచిలో తెచ్చుకున్న నా నూలును ఒక నేతపెద్దకు చూపించాను. గొప్పగానే చూపించాను. ఆయన దారాన్ని బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ మధ్య పెట్టి, కళ్ళు మూసుకుని, బారెడు మేర జరుపుకుంటూ పోయారు. తరువాత కళ్ళు తెరిచి, "ఏం బాబూ, ఇది పడుక్కి పనికిరాదు. పేకక్కూడా పనికిరాదు. దీపాల వత్తులకి బాగుంటుంది," అన్నారు. వెక్కిరింత కాదు, పెద్దమనిషి సలహా. వచ్చేది కార్తీకమాసమని కూడా గుర్తుచేశారు.

ఆ మాటతో నాకొక సంగతి స్ఫురించింది. ఖాదీ చరిత్రను మనం వడికినవారి వైపునుంచే చదువుతున్నాము. యజ్ఞమనీ, వ్రతమనీ వడికినవారు తమ అనుభవాలు వ్రాసుకున్నారు, వారికి చదువుంది. ఆ నూలును మగ్గం మీదికి ఎక్కించవలసి వచ్చినవాడి మాట అంతగా వినిపించదు. మగ్గం మీద పడుగులో వేల పోగులుంటాయి. ప్రతి పోగూ బిగువుగా నిలబడి, అచ్చు దెబ్బలకూ నాడె రాపిడికీ తట్టుకోవాలి. ఒకచోట లావు, ఒకచోట సన్నం ఉన్న నూలైతే సన్నని చోటల్లా తెగుతుంది. తెగిన ప్రతిసారీ చెయ్యి ఆపి అతకాలి. నేతగాడికి కూలి గజాల మీదగాని గంటల మీద కాదు. వకీలుగారి అరగంట దేశభక్తికి పద్మశాలి పూట కూలి ఖర్చయ్యేది.

పైగా చీరాల వైపు నేతగాళ్ళు సామాన్యమైన పనివాళ్ళు కారు. నూలును నూనెతోనూ ఆముదపుకాయల బూడిదతోనూ నానబెట్టి, చిటికి కట్టి, ఎరుపు నలుపు రంగులద్ది నేసిన తేలియా రుమాళ్ళు అక్కడినుంచే అరబ్బు దేశాలకు వెళ్ళేవి. రంగు కట్టిన పోగు రవ్వంత జరిగితే బొమ్మ చెదిరిపోయే నేత అది. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ళకే చేనేత చాలావరకు మిల్లునూలు మీద ఆధారపడిపోయింది. అటువంటి చేతుల్లో మన ముడుల నూలు పెట్టి, దేశం కోసం నేయమంటే వారేమనుకుని ఉంటారు? వారికి దేశమంటే పట్టదనడానికి మాత్రం వీల్లేదు. 1921 ఏప్రిల్ మొదట్లో బెజవాడలో కూడిన అఖిల భారత కాంగ్రెసు సంఘం దేశంలో 20 లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది. ఆ వెంటనే గాంధీ చీరాల వచ్చారు. పురపాలక సంఘపు పన్నులు కట్టలేక కడుపు మండి ఉన్న చీరాల-పేరాల జనం, ఆ నెలాఖరుకు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేసి, రామనగరమనే పాకల పట్నం కట్టుకున్నారు. సుమారు 13 వేల మంది, దాదాపు 11 నెలలు. ఎండకూ వానకూ ఓర్చినవారు నాసి నూలుకు ఓర్చలేదంటే, తప్పు వారి ఓర్పులో వెదకకూడదు.

గాంధీకి ఈ చిక్కు తెలియదనుకోవడం కూడా పొరపాటే. రాట్నమే దేశ దారిద్ర్యానికి మందు అని వ్రాసేనాటికి తాను రాట్నాన్నిగాని, మగ్గాన్నిగాని చూసిన గుర్తు లేదని ఆత్మకథలో ఆయనే ఒప్పుకున్నారు. గంగాబెన్ మజుందార్ బరోడా సంస్థానంలోని విజాపూర్‌లో, అటకల మీద పడి ఉన్న రాట్నాలను వెదికి పట్టుకున్నారు. పట్టుకున్నాక వచ్చిన మొదటి సమస్య ఏకులు. కొన్నాళ్ళు మిల్లునుంచే ఏకులు తెప్పించుకుని, అది న్యాయం కాదనిపించి, దూదేకేవాణ్ణి వెదికించారు. నెలకు 35 రూపాయలు అడిగితే, అదీ ఎక్కువ కాదనుకున్నారు. ఈ భాగం చదువుతుంటే ఇదివరకు నాకు నవ్వు వచ్చేది. ఇప్పుడు, సగం ఏకులు ఉండలు కట్టి ఉన్న నా పెట్టె వైపు చూసి, ఆ బేరంలో ఆయన నష్టపోలేదనుకుంటాను. మంచి ఏకు లేనిదే మంచి నూలు లేదు. మన పొందూరులో దూదిని వాలుగ చేప దవడతో దువ్వి మరీ వడకడం ఎందుకో అర్థమైంది. నూలంతా ఆ దువ్వెన దగ్గరే తయారవుతుంది. రాట్నం చేసేది పురి పెట్టడమే.

సరిగ్గా వేటపాలెంలో శంకుస్థాపన జరిగిన 1929లోనే అఖిల భారత చరఖా సంఘం, మెరుగైన రాట్నం చేసినవారికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. అది ఎవరికీ దక్కలేదు. రాట్నాన్ని ఎంత మెచ్చుకున్నా, దానితో తృప్తి పడినవారు ఆ సంఘంలోనే లేరన్నమాట.

మూడు నెలల తరువాత మళ్ళీ వేటపాలెం వెళ్ళాను. ఈసారి కొత్త ఏకులతో వడికిన లడి ఒకటి, గొప్పలు లేకుండా, సంచి అడుగున పెట్టుకున్నాను. పెద్దాయన మళ్ళీ కళ్ళు మూసుకుని జరిపి చూశారు. ఏమీ అనలేదు. లేచి వెళ్ళి, కండెకు కొంత చుట్టి, నాడెలో పెట్టి, మగ్గం మీదున్న తువ్వాలు అంచు తరువాత పేకగా నాలుగు వ్రేళ్ళ మేర నేశారు. రెండుసార్లు తెగింది. మూడోసారి తెగినప్పుడు నన్ను గోతి పక్కన కూర్చోబెట్టి, రెండు కొసలనూ విప్పి, ఒకదానిమీద ఒకటి పెట్టి, తడి వ్రేళ్ళతో ముడి కనిపించకుండా పురి ఎక్కించడం చూపించారు.

"ముందిది నేర్చుకోండి బాబూ," అన్నారు. "వడకడం తర్వాత."