బడిపంతులు పరీక్ష



బడిలో పిల్లవానికి పరీక్ష యున్నదని మనమందర మెరుగుదుము. పంతులుకును ఒక పరీక్ష యున్నదని తలచువారు తక్కువ. నేను కొంతకాలము ఉపాధ్యాయవృత్తి చేసితిని గనుక ఆ రెండవ పరీక్ష యెట్టిదో కొంత యెరుగుదును. ఒకమారు తనిఖీకి వచ్చిన అధికారి హాజరుపట్టీలు చూచి, ముగ్గురు పిల్లలను లేపి ప్రశ్నించి, ముప్పావుగంటలో వెడలిపోయెను. ఆ ముగ్గురిలో ఇద్దరు బెదరి నోరు విప్పలేదు. గొఱ్ఱెలు కాచుకొనుచు ఆలస్యముగ బడిలో చేరిన బాలుడొకడు ఆ యేడే కూడబలుకుకొని చదువ నేర్చియుండెను. నా యేడాది శ్రమకు ఫలము వాడే. వాని పేరైనను ఆయన అడుగలేదు. ఆ తనిఖీ పుస్తకములో నా బడికి వ్రాసిన రెండు పంక్తులు నన్ను చాలకాలము బాధించినవి. ఈ పరీక్ష ఎట్లు పుట్టినదో తెలిసికొనవలెనని నాడే నాకు బుద్ధి పుట్టెను.

పూర్వము పంతులును పరీక్షించినవా డెవ్వడు? ఊరే. 1822లో చెన్నరాజధాని గవర్నరు సర్ థామస్ మన్రో జిల్లాలలోని బడుల లెక్క పంపుడని కలెక్టరుల నాజ్ఞాపించెను. 1826లో ఆయన వ్రాసిన నివేదికను బట్టి రాజధాని మొత్తమున 12,498 బడులును, 1,88,650 మంది విద్యార్థులును ఉండిరి. బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ 1823లో తన జిల్లా బడులను కన్నులకు గట్టినట్లు వర్ణించెను. ఉదయమున అందరికంటె ముందు వచ్చిన బాలుని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురట. రెండవవానికి సున్న చుట్టుదురట. మూడవవానికి మెల్లగ ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపైన వరుసగా హెచ్చును.

ఆ వీధిబడి పంతులుకు తలిదండ్రులిచ్చు జీతమే జీవనాధారము. పిల్లవాడు సందెవేళ అరుగుమీద ఎక్కములు తప్పక చెప్పినచో, ఇంటికి వచ్చిన జాబు తడబడక చదివినచో, పంతులు నెగ్గినట్లే. దసరాకు పిల్లలు విల్లంబులు చేతబట్టి ఇంటింట పద్యములు చదువుచుండగా పంతులు వెనుక నడచెడివాడు. అది పండుగయే గాని పరీక్షయు నదియే. ఊరంతయు విని, తన శక్తికొలది కానుక లిచ్చెడిది.

ఆ పద్ధతి నిర్దోషమని నేననను. 1,88,650 మందిలో బాలికలు 4,540 మంది మాత్రమే. చదువు లేని కులముల బిడ్డలకొరకు పంతులును నిలదీసినవా రరుదు. కలవాని బిడ్డకు చదువు రాకున్న పంతులు తిట్లు తినవలసివచ్చెడిది. అయినను తీర్పు చెప్పువారు ఆ బిడ్డలను నిత్యము చూచువారు.

ఆ తీర్పు సర్కారు చేతికి పోయిన కథకు మూలము ఇంగ్లండులో నున్నది. అచట బడులకు సర్కారిచ్చు ధనము ఏటేట పెరుగుచుండగా, ఆ సొమ్మునకు తగిన చదువు వచ్చుచున్నదా యను సందేహము కలిగెను. ప్రజాధనము నడిగి లెక్కచూచుట తప్పుగాదు. 1862లో రాబర్టు లో అను మంత్రి క్రొత్త నిబంధనలు తెచ్చెను. ఆరేండ్లు దాటి, సరిగా హాజరైన పిల్లవానికి చదువు, వ్రాత, లెక్క యను మూడింట పరీక్ష. మూడును నెగ్గిన బడికి 8 షిల్లింగులు. ఒక్కొక్కటి తప్పినకొలది 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. ‘ఫలితమును బట్టి వేతన’ మని దానికి పేరు. పంతులు భోజనము పిల్లవాని నోటినుండి ఆనాడు వచ్చు మాటమీద ఆధారపడెను.

ఫలమేమి? పరీక్షకు రాని పాఠములు అడుగంటినవి. పరీక్షకు వచ్చు వాచకము కంఠస్థమయ్యెను. నాడు ఇన్‌స్పెక్టరుగా నుండిన మాథ్యూ ఆర్నాల్డు కవి, పిల్లలు నిజముగ చదువనేరకయే చదువు పరీక్షలో నెగ్గునట్లు తరిఫీదగుచున్నారని తన నివేదికలయందు మొరపెట్టెను.

ఈ పద్ధతి 1860 తరువాతి దశాబ్దమున చెన్నరాజధానికిని వచ్చెను. మన వీధిబడి పంతులు గ్రాంటు కోరినచో తరగతివారీగ పిల్లలను పరీక్షకు నిలుపవలెను. బిడ్డ జ్వరపడినను, కోతలకు పోయినను, వానిపేర రావలసిన రొక్కము పోయినట్లే. కూలివాని బిడ్డకంటె ఇంట చదువున్నవాని బిడ్డయే పంతులుకు లాభసాటి యయ్యెను. ఇది చిన్న మాటగాదు. ఎవనికి చదువు మిక్కిలి కావలెనో వాడే పంతులుకు బరువయ్యెను. 1882లో నియుక్తమైన హంటర్ కమీషను ప్రాథమిక పాఠశాలలకు ఈ పద్ధతినే సిఫారసు చేసెను. 1904లో కర్జన్ ప్రభువు కాలమునాటి విద్యాతీర్మానము దానిని విడనాడవలసినదని నిర్ణయించెను. అప్పటికి ఇంగ్లండులోనే అది రద్దయి కొన్నియేండ్లు గడచెను. ఇన్‌స్పెక్టరుగా అనేక సంవత్సరములు పనిచేసిన ఎడ్మండు హోమ్సు 1911లో ప్రకటించిన గ్రంథమున దానిని తీవ్రముగ గర్హించెను. పరీక్షించినవాడే ఆ పరీక్ష తప్పని చెప్పుట విశేషము.

పంతులును ఎవ్వరును పరీక్షింపరాదని నా యభిప్రాయము గాదు. బడికి రాని పంతులును, వచ్చి కునుకు తీయు పంతులును అడుగవలసినదే. కాని కొలత వేసి కోత పెట్టి పోవువాడు భయమును మాత్రము మిగుల్చును. నా బడికే మరియొక సంవత్సరము వేరొక అధికారి వచ్చెను. ఆయన సుద్దముక్క చేతబట్టి, నేను చెప్పలేక తడబడుచున్న భిన్నముల లెక్కను చింతగింజలతో పిల్లలకు తానే చెప్పి చూపెను. నా లోపమును నాకు తెలిపెను. దిద్దుకొను దారియు తెలిపెను. ఆయన వెడలిన పిమ్మట నేను చింతగింజలు లేక భిన్నములు చెప్పలేదు.

2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టమున సర్కారు బడుల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడువంతులు తలిదండ్రులే యుండవలెనని విధించిరి. అనగా తీర్పులో ఒక పాలు మరల ఊరి చేతికి వచ్చినది. కావున మీరు బడికి పోవునపుడు, ఎందరు నెగ్గిరని మాత్రమే పంతులు నడుగకుడు. ఏ బిడ్డ వెనుకబడెనో, వానికి మనమేమి చేయవలెనో అడుగుడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల పంతులు ఏ పరీక్షలోనైనను నెగ్గినవాడే.