కాంతికి చిక్కనివి రేడియోకు చిక్కిన వైనం

ఒక గెలాక్సీల గుంపులో సభ్యులు ఎన్ని? 20వ శతాబ్దంలో చాలాకాలం ఈ ప్రశ్నకు సమాధానం ఫోటోగ్రాఫిక్ పలకలే చెప్పాయి. పలకపై ప్రకాశవంతంగా పడినవే పట్టికలోకి ఎక్కాయి. నక్షత్రాలు తక్కువగా, వాయువు ఎక్కువగా ఉండే మరుగుజ్జు గెలాక్సీలు ఆకాశపు నేపథ్య వెలుగులో కలిసిపోయాయి. కొన్ని మసక మచ్చలుగా కనిపించినా, అవి దగ్గరివో దూరానివో తేల్చడం కష్టమయ్యేది.

1944లో డచ్ శాస్త్రజ్ఞుడు వాన్ డి హుల్స్ట్, తటస్థ హైడ్రోజన్ 21 సెం.మీ. తరంగదైర్ఘ్యం వద్ద రేడియో తరంగాలు వెలువరిస్తుందని సూచించాడు. 1951లో హార్వర్డ్‌లో యూయెన్, పర్సెల్ ఆ సంకేతాన్ని అందుకున్నారు. దీనివల్ల ప్రయోజనాలు రెండు. నక్షత్రాల వెలుగుతో నిమిత్తం లేకుండా వాయువు ఉనికి తెలుస్తుంది. తరంగదైర్ఘ్యంలోని మార్పును బట్టి గెలాక్సీ వేగం తెలుస్తుంది. వేగాన్ని బట్టి అది ఏ గుంపుకు చెందినదో అంచనా వేయవచ్చు.

అయినప్పటికీ, రేడియో దూరదర్శినులను చాలా ఏళ్లు ఫోటోల్లో ముందే కనిపించిన గెలాక్సీల వైపే ఎక్కువగా తిప్పారు. ఒకసారికి ఒక్క చోటునే చూడగల పరికరంతో విశాలమైన ఆకాశాన్ని గాలించడానికి కాలం చాలదు. 1997లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ వద్ద 64 మీటర్ల దూరదర్శినిపై, ఒకేసారి 13 దిశల సంకేతాలను అందుకునే గ్రాహకం పనిలోకి వచ్చాక ఈ అడ్డంకి తొలగింది. పాత పట్టికలను పక్కనపెట్టి ఆకాశాన్ని వరుసగా గాలించే సర్వే మొదలైంది.

సుమారు 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని సెంటారస్ ఏ గుంపు దిశలో 600 చదరపు డిగ్రీల మేర పరిశీలించిన ఫలితాలు 1999లో వెలువడ్డాయి. గుంపులో 10 కొత్త సభ్యులు తేలాయి. వాటిలో కొన్ని పాత పట్టికల్లో ఉన్నా ఈ గుంపుకు చెందినవని తెలియనివి. మిగిలినవి అసలు నమోదే కానివి. పార్క్స్ దూరదర్శిని చూపు చంద్రబింబంలో దాదాపు సగం వెడల్పు ఉంటుంది. అందుచేత వాయువు కచ్చితంగా ఎక్కడున్నదో వేరే పరిశీలనలతో నిర్ధారించవలసి వచ్చింది.

అయితే ఈ పద్ధతికీ హద్దు ఉంది. వాయువు కోల్పోయిన మరుగుజ్జు గెలాక్సీలు రేడియోకు చిక్కవు; వాటికి మళ్లీ కాంతి పరిశీలనే దిక్కు. కాబట్టి విద్యార్థులు ఒక విషయం గుర్తుంచుకోవాలి: ఏ పట్టికైనా ఆకాశంలో ఉన్నవాటిని మాత్రమే కాదు, వాటిని వెదకిన పద్ధతిని కూడా నమోదు చేస్తుంది. గుంపులో మరుగుజ్జు గెలాక్సీలు తక్కువని తీర్మానించే ముందు, ఏ పరికరంతో, ఎక్కడెక్కడ వెదికారో అడగాలి.

స్వయం పరీక్ష: కాంతి సర్వే, 21 సెం.మీ. సర్వే ఒక్కొక్కటీ ఎటువంటి గెలాక్సీలను వదిలివేస్తాయి? కారణాలు వివరించండి.