సీసం అక్షరం, రాతి అక్షరం, మధ్యన మేం

అచ్చుయంత్రం అజ్ఞానాన్ని పోగొట్టిందనీ, అక్షరాన్ని అందరి సొత్తు చేసిందనీ బడిలో చదువుకున్నాం. కాదనడం లేదు. మా ప్రశ్న వేరే. నంద్యాల, ఆళ్లగడ్డల్లో పుట్టి పెరిగిన ముస్లింలం మేం. బజారులో మాది తెలుగు. ఇంట్లో కొందరిది తురక మాట. దూదేకుల ఇళ్లలో లోపలా బయటా తెలుగే. నమాజు అందరికీ అరబ్బీలోనే. ఇన్ని భాషలున్న మేం అచ్చులోకి ఏ భాషలో ఎక్కాం? ఎవరి చేత ఎక్కాం?

తెలుగు అచ్చు తెలుగునేల మీద పుట్టలేదు. 1746లో జర్మనీలోని హాలేలో బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ క్రైస్తవ గ్రంథాలను తెలుగులో అచ్చేయించాడు. ఆ తర్వాత సెరాంపూర్ మిషనరీలు, మద్రాసులో కంపెనీ దొరలు, 1854 నుంచి వావిళ్ల వారు. బైబిలు, చట్టం, పురాణం, ప్రబంధం అన్నీ సీసం అక్షరాల్లోకి ఎక్కాయి. తాటాకుల్లో ఉన్నవాళ్లకు పుస్తకాలొచ్చాయి. తాటాకుల్లో కూడా లేనివాళ్లు మళ్లీ బయటే మిగిలారు. అందులో మేమొక్కళ్లమే కాదు. మాల మాదిగలున్నారు, చేతివృత్తులవాళ్లున్నారు.

ఉర్దూ దారి వేరు. ముస్లింల మతం అచ్చును అడ్డుకుందని తేలిగ్గా అనేస్తారు. అసలు చిక్కు లిపిలో ఉంది. నస్తాలీఖ్ రాతలో అక్షరాలు ఒకదాన్నొకటి అల్లుకుని పైనుంచి కిందికి జారుతాయి. వాటిని విడివిడి సీసం ముక్కలు చేస్తే ఆ రాత అందం చస్తుంది. కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీలో సీసంతో ప్రయత్నించారు గానీ జనం ఇష్టపడలేదు. 1796 ప్రాంతంలో సెనెఫెల్డర్ అనే జర్మన్ కనిపెట్టిన శిలాముద్రణ వచ్చాకే ఉర్దూ అచ్చుకు ఊపిరి వచ్చింది. కాతిబు చేత్తో రాసింది రాతి మీదికెక్కి, రాతి మీది నుంచి కాగితం మీదికి దిగింది. లక్నోలో 1858లో ప్రెస్సు పెట్టి ఖురాన్ ప్రతులను వేలకు వేలు అచ్చేసిన మున్షీ నవల్ కిశోర్ హిందువు. ఈ మాట కూడా మా పాఠ్యపుస్తకాల్లో లేదు.

ఈ రెండు అచ్చుల మధ్యన పడ్డవాళ్లం మేం. ఉర్దూ పుస్తకం లక్నో నుంచో హైదరాబాదు నుంచో మద్రాసు నుంచో రావాలి. వచ్చినా అది చదువుకున్న అష్రాఫుల ఇంటికే. దూది ఏకే నూర్‌బాషాకు, బండి తోలే షేకుకు అది అందలేదు. తెలుగు పుస్తకం అందినా అందులో మేం లేం.

మేం లేమంటే అసలు లేమని కాదు. సర్కారు అచ్చులో ఉన్నాం. 1886లో గోపాలకృష్ణమ్మ చెట్టి గారి కర్నూలు జిల్లా మాన్యువల్ వచ్చింది. 1909లో థర్‌స్టన్ కులాల సంపుటాలు వచ్చాయి. దూదేకులకు వాటిలో ఒక పద్దు ఉంది. జనాభా లెక్కల ఫారాల్లో మతానికి ఒక గడి, భాషకు ఒక గడి. మా సీమలో ఉసేనప్ప, ఫకీరప్ప, మస్తానమ్మ అన్న పేర్లు హిందువుల ఇళ్లలోనూ ఉన్నాయి. పేరు రెండు వైపులా ఉంటుంది. గడి మాత్రం ఒకవైపే ఉంటుంది. మనిషిని గడిలో కూర్చోబెట్టే పని అచ్చు ఫారం చేసింది.

ఇక నంద్యాల సంగతి. 1928 నవంబరులో ఇక్కడే ఆంధ్ర మహాసభ జరిగింది. 1800లో నిజాం కంపెనీకి వదిలేసిన ఈ ప్రాంతాన్ని అంతవరకూ దత్తమండలాలు అనేవారు. ఆ పేరు అవమానమనీ, రాయలసీమ అందామనీ ఆ సభల్లో ప్రతిపాదించినవాడు అనంతపురం కాలేజీలో తెలుగు చెప్పే చిలుకూరి నారాయణరావు. దాదాపు అదే కాలంలో ఖురాన్‌ను తెలుగు చేసి అచ్చేయించిందీ ఆయనే. సీమకు పేరు పెట్టిన సంగతి ప్రతి సభలో చెప్తారు. ఖురాన్ సంగతి ఎవరూ ఎత్తరు. ఆ తర్వాత కర్నూలు మౌల్వీ అబ్దుల్ గఫూర్ కూడా తెలుగు చేశారు. అరబ్బీని అర్థం తెలియకుండానే భక్తిగా చదివిన మా అమ్మీల చేతికి, వాళ్లు మాట్లాడే భాషలోనే దేవుడి మాట అందే దారి అలా పడింది. మతం పేరుతో మాకేం చెప్తున్నారో మేమే చదివి చూసుకునే హక్కు అది. అచ్చు మాకు చేసిన అసలు మేలు ఇదే.

ఆళ్లగడ్డ వైపు రండి. ఈ తావులోని ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847లో కోయిలకుంట్లలో ఉరితీశారు. కంపెనీ కాగితాల్లో ఆయన తిరుగుబాటుదారు. పాటగాళ్ల నోట వీరుడు. పాటను సేకరించి అచ్చేశాక చరిత్ర కూడా పాట వైపు తిరిగింది. నోటిమాట అచ్చయితే ఏమవుతుందో ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. మరి మొహర్రంలో పీర్ల గుండం చుట్టూ హిందువులూ ముస్లింలూ కలిసి ఎగిరేటప్పుడు పాడే తెలుగు పాటలు ఎన్ని అచ్చయ్యాయి? మౌల్వీలు వాటిని బిద్అత్ అని పక్కన పెట్టారు. పండితులు తురకల పాటలని పక్కన పెట్టారు. ఇద్దరూ వదిలేసింది మా బతుకునే.

ఆ ఖాళీని వేరేవాళ్లు నింపారు. పాఠ్యపుస్తకంలో మేం దండెత్తి వచ్చినవాళ్లం, గుళ్లు కూల్చినవాళ్లం. 1992 డిసెంబర్ 6 తర్వాత పత్రికల్లో మేం అనుమానితులం. పక్కింటి పిల్లవాడు మమ్మల్ని రోజూ చూస్తాడు. అయినా అచ్చులో ఉన్నదే నమ్ముతాడు. అచ్చుకున్న బలం అది. అబద్ధానికీ నిజానికీ ఒకే అక్షరాలు వాడుతుంది.

అందుకే 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో 'జల్‌జలా' వచ్చినప్పుడు మాకు అవి కవిత్వం మాత్రమే కాలేదు. తెలుగు అచ్చులో మా గొంతుతో మేమే మాట్లాడటం అది. ఇప్పుడు సీసం పోయింది, రాయి పోయింది, కంప్యూటర్ తెరమీద తెలుగూ నస్తాలీఖూ రెండూ పలుకుతున్నాయి. సాధనం లేదనే సాకు ఇక చెల్లదు. నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో పీర్ల పాటలు తెలిసిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. దర్గాల కథలు చెప్పే నానీమాలున్నారు. వాళ్ల దగ్గర కూర్చుందాం. వాళ్ల మాటను దిద్దకుండా, వాళ్ల యాసలోనే రాసుకుందాం. ఉర్దూ రానివాడు ముస్లిం కాడనే వాళ్లకూ, తురకోడికి తెలుగెందుకనే వాళ్లకూ ఆ పుస్తకమే మా జవాబు.